చేటెడు తవుడుకి కొన్న పేరు

పైడితల్లి చేసిన చివరి మామూలు పని ఒక చెక్కు మీద సంతకం పెట్టడం. పొద్దున్నే రేవు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. కళ్లజోడు సర్దుకుని తన పేరులో ఒక్కో అక్షరాన్నీ ఒత్తి ఒత్తి రాసింది. రాసింది బాల్ పెన్నుతోనే అయినా, వేడి టీ చల్లార్చినట్టు దాని మీద ఉఫ్ ఉఫ్‌మని ఊదింది. చెక్కును కోడలి చేతికిచ్చి, "దీన్ని గోపాలపట్నం పంపించియ్యే. నాను కాసేపు నడుం వాలుత్తాను" అంది. వాల్చిన నడుం మళ్లీ ఎత్తలేదు.

ఆ చెక్కు కూతురు అనూరాధ పేరు మీద రాసింది. ఒకప్పుడు ఆ పేరు వింటేనే పైడితల్లి పెన్ను కింద పడేసేది.

జాలరిపేట ఆడవాళ్ల సంఘానికి పైడితల్లి, గౌరీశ్వరి లీడర్లు. సంఘం వాళ్లు ఎండుచేపలు పొట్లాలు కట్టి దుకాణాలకు వేసేవారు. వాటికి గుడ్డసంచులు కుట్టేది గోపాలపట్నంలో టైలరింగు షాపున్న అనూరాధే. సంఘం ఎవరికి ఏమివ్వాలన్నా చెక్కు రాయాలి. దాని మీద లీడర్లిద్దరి సంతకాలూ ఉండాలి.

అనూరాధకు పుట్టినప్పుడు పెట్టిన పేరు తవిటమ్మ. పైడితల్లికి తొలి రెండు కాన్పుల్లో పిల్లలు దక్కలేదు. మూడోసారి ఆడపిల్ల పుట్టగానే పేటలో పెద్దవాళ్లు చెప్పినట్టు చేసింది. పిల్లను చేటలో పెట్టి పెంటకుప్ప పక్కన వదిలి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఆడపడుచు వెళ్లి ఎత్తుకుంది. పైడితల్లి ఆమెకు చేటెడు తవుడు కొలిచిపోసి, పరాయి పిల్లను కొన్నట్టు తన పిల్లను కొనుక్కుంది. తవుడుకి వచ్చిన పిల్లను చావు కూడా లెక్కచేయదని వాళ్ల నమ్మకం. పిల్ల బతికింది.

బతికిన పిల్లను బడిలో "కేజీ తవుడెంతే?" అని ఏడిపించారు. శుభలేఖ మీద పేరు చూసి మగపెళ్లివారు ముసిముసిగా నవ్వారు. షాపు తెరిచినప్పుడు తన పేరు లేకుండానే బోర్డు రాయించుకుంది. చివరికి పిల్లలు కాలేజీకొచ్చాక, భర్త మోహన్ వెంట తిరిగి అఫిడవిట్ చేయించాడు, పేపర్లో ప్రకటన వేయించాడు, గెజిట్‌లో అనూరాధ అని అచ్చు వేయించాడు. ఆధార్ మారింది, బ్యాంకు పుస్తకం మారింది. అమ్మతో చెప్పడమొక్కటే మిగిలిపోయింది.

ఇంతలో సంఘం నుంచి తవిటమ్మ పేరుతో చెక్కు వచ్చింది. బ్యాంకు కౌంటర్లో ఆవిడ చెక్కునీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. అనూరాధ తడబడుతూ గెజిట్ కాపీ తీసింది. వెనక లైను పెరుగుతున్నా ఆవిడ విసుక్కోలేదు. "వెనకాల పాత పేరుతో ఒక సంతకం, కొత్త పేరుతో ఒక సంతకం పెట్టండమ్మా. ఈసారికి నడిపిస్తాను. ఇకనుంచి కొత్త పేరు మీదే రాయించుకోండి" అంది. తర్వాత నవ్వి, "మంచి పేరు పెట్టుకున్నారు" అంది. అనూరాధ ఆ మాటను చాలాకాలం దాచుకుంది.

ఆ సాయంత్రమే మోహన్‌తో కలిసి పుట్టింటికి వెళ్లి విషయం చెప్పింది. తమ్ముడు ఎల్లాజీ వల కుట్టుకుంటూ పకపకా నవ్వాడు.

"ఏటప్పా, ఇక నిన్ను పిలవాలంటే అప్లికేషన్ ఎట్టుకోవాలా? బావా, నీ పేరు కూడా మార్చీసిందేటి?"

"నాది ఇంకా పరిశీలనలో ఉందిరా" అన్నాడు మోహన్.

పైడితల్లి మాత్రం నవ్వలేదు. "ఎవులే అనూరాధ? నానెవుల్ని కన్నాను, ఎవులికి చెక్కు రాత్తాను?"

"నాకేనే అమ్మా. పేరొక్కటే మారింది."

"పేరొక్కటేనా? ఇద్దర్ని ఇసకలో కప్పెట్టొచ్చేను. తవుడు పోసి నిన్ను కొనుక్కున్నాను. ఆ పేరుండబట్టే ఆ సావు నీకాసి సూళ్లేదు. ఇప్పుడు పెద్ద పేరెట్టుకుని దానికి కనపడతావేటే?"

"నలబయ్యేళ్లొచ్చేయి కదే నాకు. ఇంకా ఏటి భయం?"

"నీకొచ్చేయి. నాకు రాలేదు" అని ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి చెక్కు అనూరాధ పేరు మీద రాశారు. గౌరీశ్వరి తన సంతకం పెట్టేసింది. పైడితల్లి దాన్ని దేవుడి పటం వెనక దోపేసి ముట్టుకోలేదు. "రాణీగారి సంతకం ఎప్పుడవుద్దో" అని సంఘం ఆడవాళ్లు ఎత్తిపొడిచినా వినలేదు. డబ్బు కోసమైతే సంఘం వేరే దారి చూసేదే. అనూరాధకు కావలసింది ఆ పేరు కింద అమ్మ సంతకం. అది పడకపోతే, గెజిట్‌లో పేరు ఎంత గట్టిగా అచ్చయినా తనది కాదనిపించేది. రాత్రి మిషను కుడుతూ ఒకటి రెండుసార్లు పాత పేరుకే వెళ్లిపోదామా అనుకుంది కూడా.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం షాపు ముందు ఆటో ఆగింది. పైడితల్లి దిగింది. ఒక చేతిలో వంజరం చేప ముక్కల గిన్నె, ఇంకో చేతిలో మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టిన చెక్కు.

"అట్టుకో. సూసుకో, నీ పేరేనా?"

సంతకం పడి ఉంది. అనూరాధ "ఎలా ఒప్పుకున్నావమ్మా?" అని అడిగితే, "ముక్కలు పాడైపోతాయి, ముందు ఉప్పూ కారం పట్టించు" అని కసిరింది. మోహన్ ఆటో డబ్బులివ్వబోతే, "బాబూ, నీ పేరు సంగతి తేలిందేటి?" అని నవ్వింది.

ఆ రోజు నుంచి ఏ చెక్కూ ఆగలేదు. తల్లి ఆమెను కొత్త పేరుతో ఎన్నడూ పిలవలేదు, పాత పేరుతోనూ పిలవలేదు. "పిల్లా" అనేది. అనూరాధకు అది చాలు. కన్నందుకు, కొన్నందుకు, ఇప్పుడు వదిలినందుకు మనసులోనే దండం పెట్టుకునేది. అమ్మకు భయం పోయిందనే అనుకుంది. షాపు బోర్డు మీద 'అనూరాధ' అని రాయించిన రోజు పైడితల్లి ఎదుటి గట్టున నిలబడి, చదవలేకపోయినా, అక్షరాలు వంకర లేకుండా వచ్చాయో లేదో చూసి వెళ్లింది.

పైడితల్లి పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక గౌరీశ్వరి అనూరాధ పక్కన చతికిలబడింది.

"మీయమ్మని నాను కొన్నానే పిల్లా, నీకు తెలుసా?"

అనూరాధ అర్థంకాక చూసింది.

"నీ చెక్కు మీద సంతకం పెట్టిన్నాడు తెల్లారగట్ల సేపల బజార్లో, పెంట పోసేకాడ సేటేసుకుని కూకుంది. 'ఒసే గౌరీ, నన్ను తవుడుకి కొనీయవే' అంది. ఎర్రిదానివా అన్నాను. 'పిల్ల ఒగ్గీసిన పేరు ఊరికే తిరక్కూడదు, దాని బదులు నాను మోత్తాను' అంది. సేటెడు తవుడు తెచ్చి కొనీసేను."

అప్పటినుంచి బజార్లో ఆమెను ఎవరూ పైడితల్లి అనలేదట. అందరూ తవిటమ్మ అనే పిలిచేవారట.