వల కప్పిన ఇల్లు

గుడివాడ హేతువాద మిత్రుల వాదోపవాదాల మధ్య పెరిగినవాణ్ణి. ఎవరైనా మూఢనమ్మకం మాట ఎత్తితే జవాబు చెప్పకుండా ఊరుకోవడం నాకు చేతకాదు. ఆ రోజు బందరులో ఈ అలవాటే ఒక మనిషి కొంప ముంచబోయింది.

ముందు రోజు మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి సుడిగాలి లేచి, ఊరి చివరి మత్స్యకారుల పేట మీదుగా నిమిషాల్లో దాటిపోయింది. ప్రాణాలు పోలేదు గాని, ఒక వీధిలో రేకుల ఇళ్లన్నీ కప్పు లేకుండా మిగిలాయి. వాటి మధ్య ఒక్క తాటాకు ఇల్లు మాత్రం నిలబడింది. చేపలమ్ముకునే ఒక వితంతువు ఉండే ఇల్లది. నేను దుప్పట్లు తీసుకుని వెళ్లేసరికి, ఆమె చేతబడి చేసి గాలిని తమ మీదికి మళ్లించిందని వీధి తేల్చేసింది. సాయంత్రానికల్లా పేట విడిచి పోవాలన్నారు. ఆమె గిన్నెలు అప్పటికే మూటై గడప బయటికొచ్చాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒడ్డున బోర్లించిన పడవ ఎక్కి, గాలి ఎందుకు సుడి తిరుగుతుందో, చేతబడి ఎంత పచ్చి అబద్ధమో గొంతు చించుకుని చెప్పాను. వీధి పెద్ద, తల నెరిసిన మనిషి, నోట్లోంచి చుట్ట తీశాడు.

"నలభై ఏళ్లు సముద్రంలో తిరిగినోళ్లకి ఒడ్డున పడవెక్కి గాలి పాఠం చెప్తున్నారా మాస్టారూ? దిగండి, కాలు జారుద్ది."

అందరూ నవ్వారు. పెద్దాయన మళ్లీ అందుకున్నాడు.

"అంత తెలిసినోరు, దీని తాటాకు ఎందుకు ఎగరలేదో చెప్పండి మరి!"

అప్పటిదాకా నేనా ఇంటి వైపు సరిగా చూడనైనా లేదు.

అంతలో మునిసిపల్ కమిషనర్ గారు వచ్చారు. ఆవిడ బురద చెప్పులతో నిలబడే సంగతంతా విన్నారు. ఎవరినీ తిట్టలేదు. పారిశుధ్య సిబ్బంది చేత సున్నం బుట్టలు తెప్పించి, ఒకటి నా చేతికిచ్చారు.

"ఉపన్యాసం తర్వాత చెబుదురుగాని, ముందు గీత గీయండి."

ఇంటింటి ముందూ ఆవిడది ఒకటే ప్రశ్న: "మీ రేకు ఎక్కడ పడింది?" వాళ్లు చూపించిన చోటిదాకా మేం సున్నం గీత లాగాం. గీతలన్నీ ఒకే వైపుకి సాగుతున్నాయి. తాటాకు ఇంటి దగ్గర కూడా ఆగి అడిగారు.

"మీదేమైనా ఎగిరిందా అమ్మా?"

అప్పటిదాకా ఆమెను ఎవరూ ఆ మాట అడగలేదు.

"వలకి కట్టిన ఇసుక మూటొకటి తెగిపోయిందండి. అదిగో, ఆ కాలవలో ఉంది."

గీత అక్కడిదాకా లాగాను. మిగతా వాటి పక్కనే, అదే వైపుకి పడింది. గాలి ఆమెనూ వదల్లేదన్నమాట! అందరూ తలలెత్తి చూశారు. తాటాకు మీద పాత చేపల వల, దాని అంచుల వెంట ఇసుక మూటలు.

"మా ఆయన ఏటా కప్పేవాడండి. ఆయన పోయాక నేను కప్పుతున్నా. రేకులేయించే స్తోమతేదీ?"

వీధి పెద్ద వెళ్లి వల ముడిని వేళ్లతో తడిమాడు. "మా నాన్నా ఇట్టాగే కప్పేవాడు. రేకులొచ్చాక మనమే మానేశాం" అన్నాడు.

నా తర్కం తప్పు కాదు. సాక్ష్యం కళ్లెదుటే ఉంటే నేను ఆకాశంలో వెతికాను.

కమిషనర్ గారు చెప్పారు: "టార్పాలిన్లు వస్తున్నాయి. గాలికి ఆగేలా కట్టడం నాకు రాదు. తెలిసినవాళ్లు నేర్పాలి."

అప్పుడు తాటాకు ఇంటి ఆమే కొంగు దోపుకుని బయటికొచ్చింది.

"పాత వలలు తెండి" అంది. తర్వాత వీధి పెద్దను చూసింది. "సాయంత్రానికి పొమ్మన్నావుగా అన్నయ్యా?"

"ఇన్ని ఇళ్లకి కట్టాలి చెల్లెమ్మా, సాయంత్రానికి ఎక్కడ తెములుద్ది?" అంటూ అతను వంగి, ఆమె గిన్నెల మూట ఎత్తి లోపల పెట్టి వచ్చాడు.