సత్యవతి టీచరూ, బండి తారీకూ

మొన్న సాయంత్రం బిలాస్‌పూర్ బజారులో తోపుడు బండి మీద ఉడికించిన సింఘాడాలు అమ్ముతున్నారు. చలికాలం మొదలైందంటే చెరువుల్లో పండే ఈ నల్లతొక్క కాయలు ఊరంతా కనిపిస్తాయి. గిన్నె మూత తీయగానే ఆవిరితో పాటు బురద వాసన ముక్కుకి తగిలి అక్కడే నిలబడిపోయాను. నాకు అది ఫిజిక్సు వాసన. రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరులో ఉండే సత్యవతి టీచర్ ఆ కాయలు ఒలుచుకుంటూనే లెక్కలు చేసేవారు. ఆవిడ నోటుపుస్తకంలో ఏ పేజీ తిప్పినా నల్లటి వేలిముద్ర ఒకటి ఉండి తీరేది.

ఆవిడ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారట. టీచర్ కాలనీ బడిలో ఫిజిక్సు చెప్పేవారు. ఉద్యోగం బడిలోనే గానీ మనసంతా పరిశోధన మీదే. ఇంట్లో నాలుగు అట్టపెట్టెలుండేవి. ఒకదానిలో ఫిజిక్సు, ఒకదానిలో ఉపగ్రహాల దారులు, ఇంకోదానిలో పేపర్లోని షేర్ల ధరలు చూసి గీసిన గీతలు, నాలుగోదానిలో మనుషుల నిద్ర, ఆందోళన, ఆరోగ్యం గురించిన వ్యాసాలు. జన్మలో ఒక్క షేరు కొన్న పాపాన పోలేదు. "ఇన్నేసి పెట్టెలెందుకు టీచర్?" అంటే, "పెట్టెలు నాలుగు గానీ ప్రశ్న ఒకటేనే. ఇవాళ ఉన్నదాన్ని చూసి రేపటి సంగతి ఎంతవరకు చెప్పగలం? అంతే" అనేవారు. మెచ్చుకోవడం ఆవిడకి చేతకాదు, తిట్టడం బాగా వచ్చు. అయినా పిల్లలం ఆ గుమ్మం వదిలేవాళ్ళం కాదు.

నాకు పన్నెండేళ్ళప్పుడు, రెండు వారాల కిందటి వివరాలతో ఒక ఉపగ్రహం ఎప్పుడు కనబడుతుందో లెక్కకట్టి, టైము పలక మీద రాసి, పొద్దుగూకగానే మమ్మల్ని డాబా ఎక్కించారు. కదిలే ఆ చుక్క టైము కంటే ముందే వచ్చేసింది. టీచర్ చిన్నబుచ్చుకుంటారని మేమంతా "సరిగ్గా టైముకే వచ్చింది" అని అరిచాం.

"అబద్ధాలెందుకాడతారర్రా? నలభై సెకన్లు ముందొచ్చింది. నాకు కావలసింది ఆ నలభై సెకన్లే" అని కసిరారు. అంత ఎత్తున కూడా పల్చటి గాలి దానికి రాసుకుంటుందని చెప్పారు.

"అయితే ఆలస్యం అవ్వాలి కదా టీచర్?" అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అదేనే తమాషా! గాలి రాసుకుంటే అది కిందకి దిగుతాది. దిగితే తిరిగే దారి చిన్నదవుతాది, ఏగం పెరుగుతాది. అందుకే ముందొచ్చేస్తాది."

నమ్మబుద్ధి కాని మాట నిజమైతే ఎంత బాగుంటుందో ఆ రోజు తెలిసింది. ఆ ఇష్టమే తర్వాత మా ఇద్దరి కొంప ముంచబోయింది.

పెద్దయ్యాక సైకాలజీ చదివి, ఇంజను డ్రైవర్ల నిద్రకీ చురుకుదనానికీ ఉన్న సంబంధం మీద పరిశోధన మొదలుపెట్టాను. డ్యూటీకి ముందు ఎన్ని గంటలు పడుకున్నారో డ్రైవర్లు తారీకు వేసి కాగితం మీద రాస్తారు. డ్యూటీ ఎక్కబోతూ ఫోనులో వెలుగు కనబడగానే మీట నొక్కుతారు. ఎంత త్వరగా నొక్కారో ఫోనే తారీకుతో సహా దాచుకుంటుంది. రెండూ జతచేసి చూస్తే, తక్కువ పడుకున్న రోజునే చెయ్యి చురుగ్గా ఉందని తేలింది! టీచర్ చేత సరిచూపించాను. రెండు రోజులు కూర్చుని చూసి, "అచ్ఛా! బలే పట్టీసేవే పిల్లా" అన్నారు. ఆవిడ నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు అది. మా గైడు సెమినారులో నాది మొదటి ప్రసంగంగా పెట్టించారు. అది బాగా జరిగితే నా ఫెలోషిప్పు ఇంకో ఏడాది పొడిగిస్తారు.

సెమినారు పది రోజులుందనగా పక్క లైనులో ఉండే డ్రైవరు ఎర్రన్నాయుడు బాబాయి టీచర్ ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఐదో తారీకు బండి తీసుకెళ్ళి ఇప్పుడే దిగేనండి" అన్నాడు టీ అందుకుంటూ.

"ఐదున సాయంత్రం ఇక్కడే కూచున్నావు కదా?" అన్నారు టీచర్.

"నానెక్కింది అర్ధరాత్రి దాటి ఒంటిగంటకండి."

"అప్పటికి ఆరో తారీకు వచ్చీసింది కదేటి?"

"మనకి ఆరండి. బండి మొదలైన ఊర్లో ఐదునే బయల్దేరింది కదా."

టీచర్ కప్పు కింద పెట్టేశారు. "ఎర్రన్నా, మా పిల్ల ఇచ్చిన కాయితంలో కూడా ఇలగే రాసేవా?"

"మరెలగ రాస్తామండి? అందరం బండి తారీకే ఏసేం."

బండి ఎన్ని ఊళ్ళు దాటినా, అర్ధరాత్రి దాటినా, బయలుదేరిన రోజే దాని తారీకు. పుట్టినప్పటి నుంచీ మా ఇళ్ళలో వింటున్న మాటే. ఫోను మాత్రం క్యాలెండరు తారీకు వేసింది. అంటే ఫోనులో ఆరు అని ఉన్నది ఈ డ్యూటీ, కాగితంలో ఆరు అని ఉన్నది దీని తర్వాతి డ్యూటీ. దాంతో రాత్రి బండి ఎక్కబోయే నిద్రమత్తు చేతికి, డ్యూటీ దిగి పడుకున్న పొడుగాటి నిద్రని అంటగట్టాను. రైల్వే కాలనీలో పుట్టిపెరిగి మరీ చేసిన నిర్వాకం ఇది.

బాబాయి వెళ్ళాక, "టీచర్, సెమినారు అయ్యాక సరిచేసుకుందాం" అన్నాను.

"తక్కువ పడుకుంటే చురుగ్గుంటారని నువ్వక్కడ చెప్తే, అది విని ఈళ్ళ విశ్రాంతి ఎవడైనా తగ్గించీస్తే? ఎర్రన్న ఎనకాల ఎంతమంది కూచుంటారో తెల్దేటి నీకు?" అని మండిపడ్డారు. కాసేపటికి గొంతు తగ్గించి, "నేనూ చూసేను కదే. అది నిజమైపోతే బాగుణ్ణనిపించింది. అందుకే ఎవర్నీ ఏటీ అడగలేదు" అన్నారు.

మర్నాటి నుంచి నాలుగు రోజులు, మోకాళ్ళ నొప్పితోనే, నాతో పాటు ప్రతి డ్రైవరు గుమ్మమూ ఎక్కారు. ఇద్దరి కోసం ఆటోలో పక్క ఊరు గతౌరా దాకా వెళ్ళాం. "తప్పు మీది కాదు బాబూ, మాది. ఎలగ రాస్తారో ముందే అడగాల్సింది" అని చెప్పి, తారీకులు ఒక్కొక్కటీ అడిగి దిద్దించారు. తన దగ్గర చదువుకున్నవాళ్ళ ముందు కూడా ఆవిడ అంత మామూలుగా ఆ మాట అంటుంటే నాకు మొదట సిగ్గేసింది, తర్వాత అలా సిగ్గుపడినందుకు సిగ్గేసింది. మూడో ఇంటి నుంచి ఆ మాట నేనే చెప్పాను.

తారీకులు దిద్దాక తేలిందేమిటంటే, తక్కువ పడుకుంటే చెయ్యి మందగిస్తుంది. బాబాయి భార్య పడీపడీ నవ్వింది. "ఇది తెల్డానికి ఇంత సదువెందుకమ్మా? నన్నడిగితే సెప్పీదాన్ని కదా!" టీచర్ కూడా నవ్వి, "నిన్నడక్కపోవడమే మా తప్పే" అన్నారు. నా ప్రసంగం రద్దయింది. ఫెలోషిప్పు పొడిగించలేదు. గైడు నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. ట్యూషన్లు చెప్పుకుంటూ థీసిస్ పూర్తిచేశాను. చాలాసార్లు ఏడ్చాను. టీచర్ ఓదార్చలేదు గానీ, రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని అంకెలు చదివి వినిపించేవారు.

కృతజ్ఞతల పేజీలో ఆవిడ పేరు రాసి చూపిస్తే కలంతో కొట్టేశారు. తారీకులు తప్పిన ఆ మొదటి పట్టికని, జరిగింది జరిగినట్టు వివరించి, థీసిస్ చివర పెట్టాను. దాని కింద వేలు ఆనించి, "నా పేరు ఇక్కడెయ్యి. లెక్క సరిచూసినవారు అని రాయి" అన్నారు.

"వద్దు టీచర్, బాగుండదు" అన్నాను.

"సరైన లెక్క కింద పేరెయ్యడానికి బోల్డుమంది ఉంటారే. దీనికెవరున్నారు?" అన్నారు.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. నా దగ్గర పరిశోధనకి చేరే ప్రతి విద్యార్థికీ మొదటి రోజు ఆ పేజీ చూపిస్తాను. చేసినవారు అని నా పేరు, సరిచూసినవారు అని ఆవిడ పేరు. ఆ థీసిస్ తర్వాత నా పేరు చాలా కాగితాల మీద అచ్చయింది. ఆవిడ పేరు పక్కన అచ్చయింది మాత్రం ఆ ఒక్క తప్పు కిందే.