దేవదానం సార్ లాగిన్

కింద హోటల్లో బొరుగుల ఉగ్గానికి తాలింపు వేస్తే ఆ పచ్చిమిర్చి ఘాటు మెట్లెక్కి మా గదిలోకి వస్తుంది. ఇవాళ కూడా వచ్చింది. అలవాటుగా పక్క కుర్చీ వైపు తిరిగాను. పొట్లం విప్పుతూ "ముందు తిను పాపా, ఆకలి కడుపుతో చూస్తే తప్పులు కనపడవు" అనే మనిషి అక్కడ లేరు. దేవదానం సార్ పోయి రెండేళ్లయింది. ఆయన నేర్పిన పనితోనే అన్నం తింటున్నాను. ఆయన చెప్పిన ఒక్క మాట వినకపోవడం వల్ల జరిగినదాన్ని కూడా మోస్తున్నాను.

కర్నూలులో మాది చిన్న సంస్థ. బోర్లెండిన ఊళ్లలో దేనికి నీళ్ల ట్యాంకరు పంపాలో రోజూ పొద్దున్నే జాబితా ఇస్తాం. మా సీమలో ఏ ఆఫీసు మెట్లెక్కినా మొదట అడిగేది ఎవరి మనిషివని. అందుకే ఉద్యోగానికి మైదుకూరు నుంచి వచ్చేటప్పుడు పెదనాన్న రాసిచ్చిన ఉత్తరం తెచ్చాను. సార్ దాన్ని చదివి, మడిచి నా చేతికే ఇచ్చారు. "ఇది నిన్ను గడప దాకా తెచ్చింది. లోపల మాత్రం నీ పేరుతోనే పని చెయ్యాల" అన్నారు. ఆయనది ఆత్మకూరు దగ్గర కూలి చేసుకునే కుటుంబం, ఆదివారం చర్చి తప్పేవారు కాదు. "నా పేరు విని మూసుకున్న తలుపులు శానా ఉండాయి" అని నవ్వారు. మా పెదనాన్న పేరుకు తెరుచుకున్నవీ ఆ తలుపులేనని నాకప్పుడు తోచలేదు.

ఊళ్ల నుంచి వచ్చే బోర్ల వివరాలు డేటాబేస్‌లో చేరతాయి. వాటిని ఊళ్లు, మండలాల వారీగా ముందే కూడి పెట్టుకునేదాన్ని క్యూబ్ అంటాం, మా జాబితా దాన్నుంచే వస్తుంది. రోజూ తెల్లవారకముందే అది డేటాబేస్ దగ్గరికి తనంతట తానే వెళ్లి కొత్త వివరాలు తెచ్చుకోవాలి. నేను చేరిన కొత్తలో ఒకరోజు లాగిన్ కుదరలేదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. నా పేరుతో ప్రయత్నిస్తే డేటాబేస్ చక్కగా తెరుచుకుంది.

"నాకు వస్తాంది సార్" అన్నాను గర్వంగా.

"నీకొస్తాది. ఆడికి పోయేది నువ్వు కాదు కదమ్మా, క్యూబ్. అది ఎవరి పేరు చెప్పుకోని పోతాండాదో చూసినావా?"

చూడలేదు. క్యూబ్‌కంటూ వేరే పేరు ఉంటుందనీ, దానికి లోపలికి రావడానికి అనుమతి ఉండాలనీ ఆ రోజు తెలిసింది. "డేటాబేస్ కూడా మన సీమదే పాపా. ఎవరి మనిషివని అడగందే రానీదు" అన్నారు సార్.

తర్వాత ఆయన కాలేయం చెడి, వైద్యానికి కడపకు తిరగడం మొదలైంది. సరిగ్గా అప్పుడే సర్వర్ మార్చారు. క్యూబ్ పేరుకు గానీ నా పేరుకు గానీ అక్కడ ఇంకా అనుమతి లేదు, తెప్పించాలంటే అర్జీలు, సంతకాలు. సార్‌కు ఫోన్ చేస్తే క్యూబ్‌కు తన పేరు, పాస్‌వర్డ్ పెట్టమన్నారు. "రెండు దినాలకే. ఆ లోపల దానికంటూ ఒక పేరు చేయించు. మనుషులు శాశ్వతం కాదు" అన్నారు. నేను సరేనన్నాను. పని నడుస్తోంది కదా అని మూడు నెలలు వదిలేశాను. పెద్దాయన పేరు ఉంటే ఏ తలుపైనా తెరుచుకుంటుందన్న ధీమా నా రక్తంలోనే ఉంది మరి.

మే నెలలో ఆయన పోయారు. చనిపోయినవాళ్ల లాగిన్ ఆ రోజే మూసేయడం మా ఆఫీసు పద్ధతి. మూసేశారు. మర్నాటి నుంచి క్యూబ్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆ సంగతి చెప్పే మెయిళ్లన్నీ సార్ పెట్టెకే వెళ్లాయి. కొత్త లెక్క రాకపోతే క్యూబ్ పాతదాన్నే చూపిస్తుంది, అందుకే తెర మీద అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది.

మూడో రోజు ఆత్మకూరు దగ్గరి ఊరి నుంచి నాగమ్మ అనే ఆమె ఫోన్ చేసింది. "మా బోరు ఎండిపాయె తల్లీ. ట్యాంకరు యాడ?"

తెర చూశాను. "మీ బోరు పనిచేస్తాందమ్మా, ఈడ కనపడతాంది" అన్నాను.

"నువ్వు ఆడ కూచోని చూస్తాండావు. నేను ఈడ బిందె పట్టుకోని నిలబడినా."

నేను ఆమె మాటకన్నా తెరనే నమ్మాను. ఆ మర్నాడు నాగమ్మ పొలంలోని దిగుడుబావికి నీళ్లకు పోయి, మెట్ల మీద జారి పడి చనిపోయింది. కబురు తెలిశాక క్యూబ్‌ను నా చేత్తో నడిపించాను. ఎర్ర అక్షరాల్లో దేవదానం సార్ పేరు, ఆ పేరుకు ప్రవేశం లేదన్న మాట. బతికినంతకాలం తలుపులు మూయించుకున్న మనిషిని, చనిపోయాక కూడా తీసుకెళ్లి మూసిన తలుపు ముందు నిలబెట్టాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఇప్పుడు క్యూబ్‌కు దాని పేరు దానికుంది. అయినా జాబితా పంపేముందు రోజూ నాగమ్మ నంబరుకు ఫోన్ చేస్తాను. ఆమె భర్త ఎత్తుతాడు. మొదటిసారి చేసినప్పుడు, "ఎవురమ్మా నువ్వు? ఎవురి మనిషివి?" అని అడిగాడు. పెదనాన్న పేరు చెప్పలేదు, సంస్థ పేరు చెప్పలేదు. నా పేరు చెప్పి, ఆ రోజు నాగమ్మతో బోరు పనిచేస్తోందన్నది నేనేనని చెప్పాను.

"ఈ పొద్దు నీళ్లొచ్చినాయి" అని ఫోన్ పెట్టేశాడు. రెండేళ్లుగా నాతో ఆ ఒక్క మాటే అంటాడు. నీళ్లు రానిరోజు మాత్రం ఫోన్ ఎత్తగానే నా పేరు పెట్టి పిలుస్తాడు.