మామయ్య చేతిలో రంపం

మా మామయ్యకు బూటు కనిపిస్తే చాలు, దాన్ని నిలువునా రెండుగా కోసి లోపల ఏముందో చూడాలి. కొత్తదా పాతదా, తనదా పరాయిదా అన్న పట్టింపు లేదు. మనిషికి రెండు చేతులున్నది ఒకదానితో బూటు, రెండోదానితో రంపం పట్టుకోవడానికేనని ఆయన గట్టి నమ్మకం.

ఉద్యోగమూ అందుకు తగ్గదే దొరికింది. పరుగు బూట్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో అడుగుభాగం డిజైన్ చేసేది ఆయనే. ఆయన గదిలో గోడ పొడవునా అరలు, అరల నిండా సగం బూట్లు. ఏది తీసి చూసినా పైన నురగలాంటి తెల్లటి ఫోమ్, కింద రబ్బరు, మధ్యలో వంపు తిరిగిన నల్లటి గీత. ఆ గీతే ప్లేటు. పాదం కింద గట్టిగా నిలబడి మనిషిని ముందుకు దొర్లించే పలక. మామయ్య ప్రాణమంతా అందులోనే ఉంది.

ఆయనింటికి వచ్చే చుట్టాలు బూట్లు గుమ్మం దగ్గర విడిచేవాళ్లు కాదు. సంచిలో వేసుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు. మా అత్తయ్య కాఫీ ఇస్తూ, "కాస్త చూసుకోండి, ఆయన ఇంట్లోనే ఉన్నారు" అని హెచ్చరించేది. ఈ సంగతి తెలియని ఇన్సూరెన్సు ఏజెంటొకాయన ఒక కాలికి తన బూటు, రెండో కాలికి మామయ్య చెప్పు వేసుకుని ఇంటికి వెళ్లాడు. పరిహారంగా మామయ్య రెండు పాలసీలు తీసుకోవాల్సి వచ్చింది. అత్తయ్య వారం రోజులు మాట్లాడలేదు.

ఇక నా సంగతి. నేను పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే తొంభై రెండు కిలోల మనిషిని. పోయినేడాది ఏ పురుగు కుట్టిందో, పది కిలోమీటర్ల పరుగులో పేరిచ్చాను. ఆ పరుగులో అందరి వెనకా ఒక వ్యాను నెమ్మదిగా వస్తుంది. అది ఎవరిని అందుకుంటే వాళ్లు నోరు మూసుకుని ఎక్కి కూర్చోవాలి. నన్ను ఆరో కిలోమీటరులో అందుకుంది. ముగింపు గీత దగ్గర కళ్లు కాయలు కాచేలా చూస్తున్న నా కూతురు, నేను వ్యాన్లోంచి దిగడం చూసింది. బళ్లో 'మా నాన్న పరుగు' అని బొమ్మ గీసింది. అందులో ఒక వ్యాను, కిటికీలోంచి చెయ్యి ఊపుతూ నేను.

ఈ ఏడాది ప్రాణం పోయినా సరే, నా కాళ్ల మీదే గీత దాటాలనుకున్నాను. విజేతలు వేసుకునే కార్బన్ ప్లేటు బూట్లు కొన్నాను. పదకొండు రోజులు తెల్లారకముందే వేసుకుని పరిగెత్తి, మామయ్య కంట పడకుండా మా వాషింగ్ మెషీన్‌లో దాచాను. పన్నెండో రోజు, సరిగ్గా పరుగుకు వారం ముందు, మా ఇంటికొచ్చిన మామయ్యను హాల్లో వదిలి నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింటి బల్ల మీద నా కుడి బూటు రెండు చెక్కలై పడి ఉంది.

"ఏంటి మామయ్యా ఇది?" అన్నాను. ఒళ్లు మండిపోతోంది.

"వంపు చూడరా, ఎంత బాగా తిప్పాడో."

"వచ్చే ఆదివారం నా పరుగు."

"అందుకే కోశాను. ఇది ఎగిరిపోయేవాళ్ల ప్లేటు. వాళ్లు ముందుపాదం మీద దిగి జారిపోతారు. నువ్వేమో మడమ మీద తీరిగ్గా దిగుతావు. ఇది వంగనని మొండికేస్తుంది, ఆ భారమంతా నీ పిక్క మీద పడుతుంది."

"నాకే నొప్పీ లేదు."

"మరి మెట్లు పక్కకి తిరిగి ఎందుకు దిగుతున్నావు? పీతలా?"

 ఎడమ బూటు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఒంటి బూటుతో ఏం చేస్తానని మా ఆవిడ అడగలేదు, నవ్విందంతే.

శుక్రవారం సాయంత్రం మామయ్య కొత్త జత తెచ్చాడు. కార్బన్ బదులు మెత్తగా వంగే ప్లాస్టిక్ ప్లేటు. వేళ్ల దగ్గర దాన్ని రెండు పాయలుగా చీల్చాడు. మడమ కింద ఫోమ్ వెడల్పు చేశాడు, నా పాదం పక్కకి ఒరగకుండా. మామూలు మనుషుల కోసం ఇలాంటివి చేద్దామని ఆయన రెండేళ్లుగా కంపెనీ యజమాని చెవిలో జోరీగలా పోరుతున్నాడట. గుడ్డ సరిపోక ఒకటి ఆకుపచ్చ, ఒకటి గోధుమరంగు.

ఆదివారం పొద్దున్న పరుగు మొదలైంది. నిజం చెప్పొద్దూ, పిక్క నొప్పి పుట్టలేదు. ఆరు కిలోమీటర్లు దాటాను, ఏడూ దాటాను. అయితే బూటు మారిందిగానీ మోసే మనిషి మారలేదు కదా. ఎనిమిదిలో ఊపిరి అందక వెనక్కి తిరిగి చూశాను. వ్యాను వంద గజాల్లో ఉంది. పైగా డ్రైవరు పక్క సీట్లో మా మామయ్య. నా పాదాలు వెనకనుంచి చూడాలని నిర్వాహకుల్ని బతిమాలి ఎక్కాడట.

"మడమ చూసుకో" అని కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. ఈ మనిషి చేతిలో నాకు ఈ జన్మకి విముక్తి లేదనుకున్నాను.

మలుపు తిరిగి మళ్లీ చూశాను. వ్యాను లేదు. ఇంకో మలుపు తిరిగినా లేదు. ఎందుకు లేదో ఆలోచించే ఓపిక నాకు లేదు. ఈడ్చుకుంటూ, రొప్పుతూ, చివరికి గీత దాటాను. నా కూతురు వచ్చి నడుం పట్టుకుంది. చెమటకి మొహం చిట్లించిందిగానీ వదల్లేదు.

పదిహేడు నిమిషాల తర్వాత వ్యాను వచ్చింది. డ్రైవరు నేరుగా నా దగ్గరికి వచ్చాడు. చేతిలో రెండు చెక్కలైన నల్లబూటు.

"ఆ పెద్దాయన మీకేమవుతారండీ?"

"మామయ్య."

"బ్రేకు తొక్కేటప్పుడు పాదం ఎలా వంగుతుందో చూడాలి, ఒకసారి బండి ఆపి బూటివ్వు బాబూ అన్నారు. పెద్దాయన కదాని ఇచ్చాను. సంచిలోంచి రంపం తీశారు."

"అయ్యో. మరి బండెలా తెచ్చారు?"

"ఉత్తకాలితో నడపకూడదని మాకు రూలండి. అక్కడే కూర్చున్నాం. మీరు గీత దాటారని ఆయనకి ఫోనొచ్చాక, తన బూటు విప్పి నాకిచ్చారు. సరిగ్గా సరిపోయింది. ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ?"

అప్పుడు చూశాను. మామయ్య ఒక కాలికి మేజోడుతోనే వ్యాను దిగి కుంటుకుంటూ వస్తున్నాడు. ఆ నిమిషాన నాకాయన మీద పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఆయన మాత్రం నా మొహం చూడకుండా కింద కూర్చుని నా పిక్క నొక్కాడు.

"నొప్పుందా?"

"లేదు."

"చెప్పానా, అంతా ప్లేటు మహిమ."

"డ్రైవరు బూట్లో ఏం దొరికింది మామయ్యా?"

"ఏముంటుందిరా, ఒట్టి రబ్బరు."

"కోయకముందు తెలీదా?"

"కోసి చూడందే ఎలా తెలుస్తుంది?" అని గొణిగి, పరుగు అయిపోయిన నా బూట్ల లేసులు విప్పి, మళ్లీ గట్టిగా బిగించి కట్టాడు.