లైట్ క్రూయిజర్ నడిపిన అత్త

మా అత్త పోయిన వారం కల్లూరులోని తన ఇంట్లో కన్నుమూసింది. మా నాన్నకు అక్క. కోడుమూరు దగ్గర చేనుపనుల్లో పెరిగిన మనిషి, సముద్రం ఎన్నడూ చూడలేదు. అయినా ఆమెను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక యుద్ధనౌక.

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయినప్పుడు, వేళ్లకు పని చెప్పమన్నాడు డాక్టరు. పిసకమని రబ్బరు బంతి ఇస్తే విసుగొచ్చి అవతల పారేసింది. నేను కంప్యూటర్లో, ఇంటర్నెట్ మీద ఎవరెవరితోనో కలిసి ఆడే ఓడల యుద్ధం ఆట పెట్టి చూపించాను. ఓడలన్నీ చూసి, రెండో ప్రపంచ యుద్ధం నాటి లైట్ క్రూయిజర్ అనే చిన్నపాటి యుద్ధనౌకను ఎంచుకుంది.

"అది వద్దత్తా. దాని రేకు పలచన. పక్క చూపిస్తే ఒక్క దెబ్బకే మునుగుతాది."

"చూపిస్తే గదా అల్లుడా!"

చిన్న ఫిరంగులు, కానీ గబగబా పేలతాయి. చిటికెలో తిరుగుతుంది. పొగ వదిలి దాక్కుంటుంది. అదంతా ఆమెకు తెగ నచ్చింది. పెద్ద ఓడ తీసుకోరాదా అని మామ పేపరు చాటునుంచి ఎగతాళి చేస్తే, "అది తిరిగేలోపల నీకు సంగటి చేసి పెడతా ఉండు" అనేది. మౌస్ జారిపోతున్నా నన్ను పట్టుకోనిచ్చేది కాదు. "నా చెయ్యి అది. నా మాటే వినాల."

ఒక ఆదివారం ఆటలో మా జట్టు ఓడలన్నీ మునిగిపోయాయి. మిగిలింది అత్త ఒక్కతే, అదీ సగం కాలిన ఓడతో. అవతల పెద్ద బ్యాటిల్‌షిప్. దాన్ని ముంచాలంటే నీళ్లలో దూసుకుపోయి పేలే టార్పెడోలే దిక్కు. అవి ఓడకు పక్కల్లో ఉంటాయి, వదలాలంటే పక్కకు తిరగాల్సిందే.

"తిరిగితే అయిపోతామత్తా!"

"ఉండప్పా. పెద్దోడు ఒకసారి కాల్చినాడంటే మళ్లీ గుండ్లు నింపేకి శానా సేపు పడతాది. వాణ్ని కాల్చనీ."

దీవి చాటునుంచి ఓడ ముక్కు మాత్రం బయటపెట్టింది. అవతలి ఫిరంగులన్నీ ఒక్కసారిగా పేలాయి. గుండ్లు గురితప్పి ముందరంతా నీళ్లు ఎగిసిపడ్డాయి. అప్పుడు తిప్పింది ఓడను. చెంచా కూడా పట్టలేని వేలు మౌస్‌ను గట్టిగా నొక్కింది. టార్పెడోలు వరుసగా తెల్లటి చారలు గీసుకుంటూ పోయాయి. మామ పేపరు వదిలేసి కుర్చీ వెనక నిలబడ్డాడు. బ్యాటిల్‌షిప్ తప్పుకోబోయింది, కానీ అంత పెద్ద ఓడ తిరిగేదెప్పుడు?

"మునిగినాడు!" అని మామ వేసిన కేకకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు.

ఆ తర్వాత ఆ చెయ్యి రోజురోజుకూ కుదురుకుంది. చివరిదాకా తన చేత్తోనే అన్నం కలుపుకుని తిన్నది. భయపడుతూనే సమయం కోసం కాచుకోవడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆ ఆదివారం బ్యాటిల్‌షిప్ నడిపి ఓడిపోయినవాడు తెర మీద 'సూపర్ బ్రో' అని రాశాడు.

"బ్రో అంటే ఎవరప్పా?"

"నువ్వేలే అత్తా. మగోడు అనుకున్నాడు."

జవాబు రాయబోతే నా చెయ్యి పక్కకు నెట్టేసింది. కుడిచేతి చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ, నవ్వుకుంటూ, తానే రాసింది: 'బ్రో కాదు, అత్త.'