మెరక మీద మానిఫోల్డు

అప్పట్లో నాకు తెలిసినన్ని సంగతులు ఇప్పుడు నాకు తెలియవండీ. పదో తరగతి నన్ను వదిలేసిందో, నేనే దాన్ని వదిలేశానో గాని (ఇద్దరికీ మనశ్శాంతి దొరికిన మాట నిజం), తాడేపల్లిగూడెంలో ఒక కార్ల షెడ్డులో చేరాను. రెంచీ పట్టుకోవడం వచ్చీ రాగానే, కంపెనీవాళ్ళు కార్లు తయారుచేసేది నేను సరిదిద్దడానికేనని నమ్మేశాను. ఆ నమ్మకం ఏలూరులో మా ఇంటి ముందున్న తెల్ల సెడాన్ మీద పడింది. ఇంజన్లోకి గాలిని పంచే గొట్టాల గుత్తి ఒకటుంటుంది, ఇన్‌టేక్ మానిఫోల్డు అంటారు. నాన్నగారు ఊళ్ళో లేనప్పుడు కంపెనీది ఊడదీసి, బయట అమ్మే పెద్ద గొట్టాలది తెప్పించి బిగించేశాను. గాలి ఎక్కువ పీలిస్తే బలం ఎక్కువ వస్తుందని నా సిద్ధాంతం. (మా మేస్త్రి మాత్రం, "అలాగైతే ఆవలించేవాడే వస్తాదు కావాల్రా" అన్నాడు.)

నాన్నగారు ఊరి నుంచి వచ్చి, బానెట్ ఎత్తి చూశారు. "బాగున్న మనిషికి ఆపరేషన్ దేనికిరా?" అన్నారు. నేను ఉపన్యాసం మొదలెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఆదివారం ఆరాధన అయ్యాక కామవరపుకోట దారిలో మెరక ఎక్కిద్దాం. ఎప్పుడూ అక్కడ రెండో గేరు అడుగుతుంది కదా. ఈసారి మూడో గేరులోనే పైదాకా ఎక్కిందా, షెడ్డు పని చేసుకో. గేరు మార్చావా, సోమవారం నుంచి బాబాయి చేపల చెరువు మీద కాపలా," అని తీర్పిచ్చేశారు. (మా పల్లపు నేలలో మెరకంటే కాలవ వంతెనే కాబట్టి పరీక్షకి అంత దూరం పోవాలి.) బాబాయి చెరువు కొల్లేట్లో. గట్టు మీద పాక, మేత మూటలు, దోమలు. మాట్లాడ్డానికి మనిషి దొరకడు. నాలాంటి వాగుడుకాయకి అంతకంటే ఉరిశిక్ష నయం.

టెస్టంటే ఖాళీ కారు, నడిపేవాడు, పక్కన చూసేవాడు. అది నా లెక్క. మా ఇంట్లో లెక్క వేరు: కారు గేటు దాటుతుంటే ఖాళీ సీటు కనబడకూడదు. నాన్నగారి చెల్లెలు, మా అత్తయ్య, "అటే కదరా వెళ్ళేది, నన్ను మా అమ్మాయి ఇంటి దగ్గర దింపెయ్," అంటూ వచ్చేసింది. వట్టి చేతులతో వస్తుందా? డిక్కీలో బియ్యం బస్తా, ఐసు పెట్టె నిండా కొరమేనులు.

"ఇది టెస్టు అత్తయ్యా, బరువుండకూడదు!"

"నేనేం బరువురా? పొద్దుట్నించీ కాఫీ తప్ప ఇంకేం ముట్టలేదు."

"వదిన ఒక్కత్తే వెనకేం కూర్చుంటుందండీ," అని నాన్నగారితో అంటూ అమ్మ కూడా ఎక్కేసింది.

సరేనని ఇంజన్ స్టార్ట్ చేశానో లేదో, కొత్త వస్తువుకి ప్రార్థన చెయ్యలేదని అత్తయ్యకి గుర్తొచ్చింది. ఇంజన్ ఆపబోతే, "మొదలెట్టిన పని ఆపకూడదురా" అని కేకేసింది. ఎండ మండిపోతోంది, ఏసీ తిరుగుతోంది. ప్రార్థన నల్లజర్ల బంధువులతో మొదలై, ముదినేపల్లి వాళ్ళ దాకా వెళ్ళి, వాళ్ళ గేదెల్ని కూడా కలుపుకుని తిరిగొచ్చింది. నేను ఒక కన్ను తెరిచి చూస్తే వేడి చూపించే ముల్లు పైకి పాకుతోంది. మధ్యలోనే "ఆమెన్" అనేశాను. నాన్నగారు తొడ మీద గిల్లారు. వేడి గాలి పీల్చిన ఇంజన్‌కి సత్తువ తగ్గుతుందని వీళ్ళకి ఎవరు చెప్తారండీ?

మెరక రానే వచ్చింది. మూడో గేరులో సగం దాకా బాగానే లాగింది, నేను ఈల కూడా వేశాను. ఆ తరవాత కారు మూలగడం మొదలెట్టింది. కాలు నేలకి అదిమేశాను. గడ్డి ట్రాక్టరొకటి మమ్మల్ని దాటుకుని పోయింది, దాని మీద కూర్చున్నాయన జాలిగా చూశాడు.

"గేరు మార్చరా నాయనా, వెనక్కి పోతాం!" అంది అమ్మ.

"మారిస్తే చెరువేనే అమ్మా!"

నా చెయ్యి అప్పటికే గేరు రాడ్ మీదుంది. నాన్నగారు ఆ చేతినే చూస్తున్నారు. ఇక తప్పదనుకున్న క్షణంలో కారు మెడ మీది కాడి తీసినట్టు తేలికపడి, గబగబా పైకెక్కేసింది. "చూశారా నాన్నగారూ!" అని అరిచాను.

"అన్నయ్యా, చల్లగాలి ఆగిపోయిందేంటి? ఉడికిపోతన్నాం ఇక్కడ," అంది వెనక నుంచి అత్తయ్య.

చూద్దును కదా, ఏసీ బటన్ ఆపేసుంది. నాన్నగారి వేలింకా దాని పక్కనే ఉంది. ఏసీ ఆపితే ఇంజన్‌కి భారం తగ్గుతుందన్న సంగతి మా ఇంట్లో నాకొక్కడికే తెలుసనుకున్నాను.

"మీరే ఆపారా?"

"ఏమో. మోచెయ్యి తగిలుంటుంది."

ఇక్కడ నాకు కృతజ్ఞత పుట్టాలి కదండీ. ఒళ్ళు మండింది. రోడ్డు పక్కన కారాపి, దిగి, చేతులూపుతూ, "చెల్లదండీ! టెస్టు మొత్తం పాడుచేశారు. మళ్ళీ కిందికి వెళ్దాం, ఏసీ వేసే ఎక్కుదాం!" అని తగువు పెట్టుకున్నాను. నాన్నగారు మెరక కిందికి ఒకసారి, నా మొహంలోకి ఒకసారి చూసి, "ఎక్కింది. నేను చూశాను. ఎక్కు, చేపలు పాడైపోతాయి," అన్నారు.

ఇప్పుడు నాకే ఒక షెడ్డుంది. ఆ కారూ ఉంది, ఆ గొట్టాలూ దానికే ఉన్నాయి. అవి మంచివో కావో ఈనాటికీ తేలలేదు. ఖాళీ కారుతో ఒక్కణ్ణే వెళ్ళి, ఏసీ వేసుకుని ఆ మెరక ఎక్కి తేల్చుకోవచ్చు. ఎందుకో వెళ్ళబుద్ధి కాదు. అటు పోవాల్సిన పనిబడి ఆ మెరక ఎక్కినప్పుడల్లా, మండుటెండలో నిలబడి, గెలిచిన పందెం ఓడిపోనివ్వమని కన్నతండ్రితో పోట్లాడుతున్న వెర్రిమాలోకం ఒకడు కనిపిస్తాడు. వాణ్ణి చూసి నవ్వుకుని, నెమ్మదిగా రెండో గేరు వేసుకుంటాను.