నాన్న మాట మీద నా గొంతు

నాన్న రిటైరైన రోజున మా అప్ప, అంటే అక్క, నా చేతిలోంచి కెమెరా లాక్కున్న సంగతిని పద్దెనిమిదేళ్లుగా నేను ఎవరినీ మరిచిపోనివ్వలేదు. పెళ్లిళ్లలో చెప్పాను, బారసాలల్లో చెప్పాను, నాన్న పోయిన పదో రోజున భోజనాల దగ్గర కూడా చెప్పాను. అంతమంది రైల్వే వర్క్‌షాపు జనం ముందు, "నువ్వింక తియ్యక్కర్నేదు, ఇటియ్యి" అని లాగేసుకుంది. ఎందుకో చెప్పలేదు. ఆ కెమెరా బావ కొన్నది కాబట్టి ఆ మాత్రం అహంకారం ఉంటుందని నాకు నేనే కారణం చెప్పుకున్నాను.

ఆ వీడియోని గోల్‌బజార్ షాపువాడు సీడీ చేసినప్పుడు మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు పరిచేశాడు. దండలు, బ్యాండు, క్వార్టర్ ముందు నిలబడి నాన్న మాట్లాడడం, అన్నిటి మీదా పాటలే. వాడితోనూ గొడవ పడ్డాను. ఆ తర్వాత ఆ షాపు గడప తొక్కలేదు.

కిందటి వానాకాలంలో బావ నన్ను ఇందా పేటలో వాళ్లింటికి పిలిచాడు. బీరువాలోంచి ఆ కెమెరానీ, అగ్గిపెట్టెంత టేపునీ తీసి నా ముందు పెట్టాడు.

"మావయ్య ఆ దినం నా గురించి ఏదో అన్నాడంట. గేటు కాడ రసగుల్లాలు పంచుతన్నాను కదా, నేను ఇన్నేదు. ఒకడొకటి సెప్తాడు. మీ అప్పనడిగితే గుర్తునేదంటాది. సీడీలో పాటలు తప్ప ఏటీ ఇనపడదు. ఓపాలి మావయ్య నోటితోనే ఇనాలనుంది. కంప్యూటర్లో ఎక్కిస్తావేటి?"

అప్ప వంటింట్లోంచి వచ్చింది. "ఇప్పుడెందుకు అయ్యన్నీ? పాత టేపు, పాడైపోయుంటాది" అంది.

నాకు ఏ పనీ చేతకాదని ఆవిడ అభిప్రాయం, ఎప్పటిలాగే. పంతం వచ్చి కెమెరానీ టేపునీ తీసుకున్నాను. నేను బుద్ధిగా తీస్తుంటే తనే లాక్కుందనడానికి రుజువు అందులో ఉంది కదా.

షాపులవాళ్లు మూడు రంగుల వైర్లు పెట్టి ఎక్కిస్తామన్నారు. అలా చేస్తే బొమ్మ ఒకసారి టీవీ బొమ్మగా బయటికొచ్చి, కంప్యూటర్లో మళ్లీ అంకెలుగా మారుతుంది. ఆ దారిలో కొంత మసకబారుతుంది. ఆ టేపు మీద ఉన్నవి ముందే అంకెలు. ఫైర్‌వైర్ అనే తీగ కెమెరాకి పెట్టి ఉన్నవి ఉన్నట్టు దించుకుంటే ఒక్క చుక్క పోదు. కొత్త లాప్‌టాప్‌లకి ఆ సాకెట్ లేదు. పాత కంప్యూటర్ ఒకటి వెతికి, దానికి కావలసిన కార్డు బిగించాను. టేపుని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, తాల్‌బగీచాలో మా ఇంట్లో కూర్చుని ఎక్కించాను. గంట టేపుకి గంట పడుతుంది. ఆ గంటసేపూ కంప్యూటర్‌ని ఇంకో పనికి ముట్టుకోలేదు.

ఒక్క ఫ్రేము కూడా జారలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను.

దండల బరువుకి మెడ వంచి నాన్న అంటున్నాడు: "నాకు ఇద్దురు కొడుకులు. ఒకడ్ని కన్నాను. ఒకడ్ని మా అమ్మాయి తెచ్చింది. కష్టమొస్తే ముందు అడుగేసినోడు తెచ్చినోడే."

ఆ మాట ఇంకా పూర్తవకముందే దాని మీద, కెమెరా మైకుకి జానెడు దూరంలో, నా గొంతు. పక్కనున్న స్నేహితుడితో చెబుతున్నాను: "తెచ్చినోడంట, తెచ్చినోడు! పదేళ్లయినా ఒక పిల్లని కననేకపోనారు. ఈ కెమెరానే సంకనేసుకుని తిరగతన్నారు మొగుడూ పెళ్లాం." ఇద్దరం నవ్వాం. బొమ్మ ఊగింది. అంచులోకి అప్ప చీర కొంగు వచ్చింది. "నువ్వింక తియ్యక్కర్నేదు, ఇటియ్యి."

నేను ఆ మాట అన్నట్టు నాకు ఎంత వెతుక్కున్నా జ్ఞాపకం లేదు. ఏ పెళ్లిలో ఏ పంక్తిలో ఎవరు నాకు వడ్డించకుండా దాటిపోయారో ఇప్పటికీ చెప్పగలను. ఇది మాత్రం లేదు.

నా గొంతు తీసేద్దామని చూశాను. తీస్తే నాన్న గొంతూ పోతోంది. రెండూ ఒకే మైకులో కలిసి పడ్డాయి. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు, బావ చేపలకి బజారు వెళ్లే వేళ చూసుకుని లాప్‌టాప్‌లో ఒక కాపీ పట్టుకెళ్లి, అప్పకి హెడ్‌ఫోన్ ఇవ్వబోయాను.

"ముందు నువ్వినప్పా."

ఆవిడ తీసుకోలేదు. "ఆ మాటేనా? ఆ దినమే ఇన్నాను కదరా."

"మరి నన్నెందుకు తిట్టనేదు? అందరికాడా నీ మీద సెప్తంటే ఎందుకూరుకున్నావు?"

"సెప్తే మీ బావకి తెలిసిపోద్ది. ఆయన నిన్ను సొంత తమ్ముడిలాగ సూసుకున్నాడు." వంకాయలు తరగడం ఆపలేదు. "నాన్న అన్నది సెప్పబోతే ఎనకాలే నీ మాట నోటికొచ్చేది. అందుకే గుర్తునేదన్నాను. అక్కడ కోసెయ్."

"బావ అడిగింది ఆ ముక్కేనప్పా."

"తెలుసు. కోసెయ్."

ఆవిడ ముందే కూర్చుని కోశాను. పదకొండు సెకన్లు.

సాయంత్రం బావ కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు. తెర మీద నాన్న మెడ వంచాడు, నోరు తెరిచాడు. అంతలోనే జనం రసగుల్లాలు తింటున్నారు.

"ఏటోయ్, మాటేది?"

"అక్కడ టేపు పాడైపోయింది బావా. ఎక్కించినప్పుడు ఓపాలి ఇనబడింది, తరవాత పోనాది." అంతటితో ఆపలేకపోయాను. "నాకు ఇద్దురు కొడుకులన్నాడు. ఒకడ్ని కన్నాను, ఒకడ్ని మా అమ్మాయి తెచ్చిందన్నాడు. కష్టమొస్తే ముందు అడుగేసినోడు తెచ్చినోడే అన్నాడు."

బావ నా ముఖంలోకి చూశాడు. "నిజంగా అన్నాడేటి?"

"నిజం బావా."

"ఏమో. నీ నోట నా గురించి మంచి మాట ఎప్పుడూ ఇన్నేదు కదా." నవ్వి, నా భుజం తట్టాడు. "పోనీలే. కల్పించినా బాగా కల్పించినావు."

అప్ప లేచి టీ పెట్టడానికి వెళ్లింది. నేను అబద్ధం చెప్పడం లేదనడానికి రుజువు మా ఇంట్లో పాత కంప్యూటర్‌లో కోయకుండా ఉంది, ఒక్క చుక్క పోకుండా. దాన్ని బావకి వినిపించలేను.